రోంత దూరం

మా ఊళ్ళో నన్ను సగమప్ప అని పిలిచేవాళ్ళు. అమ్మానాయనలు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, దాన్ని వాడింది బళ్ళో హాజరు పిలిచే అయ్యవారు ఒక్కరే. బడి మానేశాక ఆ పేరు ఎప్పుడైనా చెవిన పడితే నాకే కొత్తగా వినిపించేది.

సగమప్ప అనే పేరు ఎలా వచ్చిందో చెబితే అన్యాయం ఎవరిదో మీకే తెలుస్తుంది. కోడుమూరు హైస్కూల్లో చదువుతుండగా వరసగా రెండేళ్ళు వానల్లేవు. నాయన బడి మానిపించాడు. అది సగం చదువు. తర్వాత మా చేలో బావి తవ్వడానికి గడ్డపార పట్టుకొని దిగాను. రెండాళ్ళ లోతులో బండ పడింది. మందు పెట్టి పేల్చే స్తోమత మాకు లేదు. అది సగం బావి. ఆపైన గొర్రెలు మేపాను, వాటికి గాలికుంటు రోగం తగిలి సగం చచ్చాయి. అది సగం మంద. కరువు ఆకాశానిది, బండ భూమిది, రోగం గొర్రెలది. పేరు మాత్రం నాకు పెట్టారు. అరవై ఏళ్ళు దాటినా తల్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ పేరు పెట్టిన మహానుభావుడు మా మేనమామే. అమ్మకు సొంత అన్న. ఊళ్ళో అందరికన్నా మంచి ఎద్దులబండి ఆయనది, అందరికన్నా పెద్ద నోరూ ఆయనదే. ఆయన కూతురు నాకు వరసైన పిల్ల. పుట్టిన నాటి నుంచీ నాకే అనుకున్న పిల్ల. అటువంటి మామ నేను గొర్రెల్ని పోగొట్టుకున్నాక మాట మార్చేశాడు. అమ్మ వెళ్ళి అడిగితే, “సగం పనోనికి పిల్లనెట్లిచ్చేది చెల్లీ? మూడు ముళ్ళు వేయమంటే ఒకటిన్నర ముడేసి లేచిపోతే ఏం జేయాల?” అన్నాడట. అమ్మ ఇంటికొచ్చి ఏడుస్తూ చెప్పింది. నిజం చెప్పొద్దూ, ఆ ఒకటిన్నర ముడి మాటకు నాకు కూడా నవ్వు వచ్చింది. నవ్వు వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది.

అప్పట్లో ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని. ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. గాలిదుమారం లేస్తే గుమాస్తాలు కాగితాల వెంట పరుగెత్తేవాళ్ళని బండివాళ్ళు కథలు కథలుగా చెప్పేవాళ్ళు. ఆంధ్రులు ఆరంభశూరులు అని లోకమంతా అంటుంది కదా, ఆ మాట అబద్ధం చేద్దామనో ఏమో కర్నూలులో కొందరు యువకులు కలిసి ఒక పొడుగు పరుగు పందెం పెట్టారు. కోడుమూరులో బయల్దేరాలి, కర్నూలు కోట బురుజు దాకా ఉరకాలి, బురుజు గోడను చేత్తో ముట్టుకోవాలి. దోవలో గూడూరు మీదుగా ఇరవై నాలుగు మైళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో దండోరా వేశారు.

మామ చాయ్ అంగడి ముందు కూచొని ఉండగా నేను అటు పోవడం జరిగింది.

“ఏమప్పా సగమప్పా, నువ్వు గూడా ఉరుకుతావా ఏంది?” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అప్పటికే నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. “గూడూరు దాకా పోతాడు, ఆడ చాయ్ తాగుతాడు, ఎనక్కొస్తాడు.”

“బురుజు ముట్టుకొని వస్తే?” అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

“ముట్టుకొని వస్తే పిల్లనిస్తా పో. నలుగురి ముందర చెప్తాండా.”

“మాట తప్పవు కదా?”

“నేనేమన్నా సగమప్పనా మాట తప్పేకి?” అన్నాడు. అంగడి అంతా విరగబడి నవ్వింది.

ఊళ్ళో ఆ ఏడు కూడా నీళ్ళకు కటకటే. ఆడవాళ్ళు ఎండిపోయిన వంక అవతల ఉన్న తోటబావి నుంచి కడవలు మోసుకొచ్చేవాళ్ళు. పందేనికి ముందురోజు సాయంత్రం నా మరదలు నెత్తిన కడవతో ఎదురుపడింది. అప్పటికి ఆమె నాతో మాట్లాడటం మానేసి చాలా రోజులైంది. వాళ్ళ నాయన కట్టడి. ఆమె ఆగలేదు. నా వైపు చూడలేదు. నడుస్తూనే, గాలితో చెప్పినట్టు చెప్పింది.

“దోవలో యాడా కూచోవద్దు. కడవ నడిమధ్య దించితే మళ్ళా ఎత్తేటోళ్ళుండరు.”

అంతే. మలుపు తిరిగి వెళ్ళిపోయింది. నేను అక్కడే నిలబడి ఆ రెండు మాటల్ని నాలుగుసార్లు మననం చేసుకున్నాను.

శివరాత్రి అయిపోయింది. చలి శివశివా అంటూ వెళ్ళిపోయి ఎండలు మొదలయ్యాయి. పందెం నాడు తెల్లవారేసరికి కోడుమూరులో తిరునాళ్ళ మాదిరి జనం. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుర్రాళ్ళు, కాలేజీ వాళ్ళు, తెల్ల బూట్ల వాళ్ళు, నా మాదిరి ఉత్త కాళ్ళ వాళ్ళు. అమ్మ నా కోసం కొత్త ఖాకీ నిక్కరు కుట్టించింది. గంజి పెట్టి, రాగి చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ కూడా చేయించింది. పదిమందిలో పరువుగా ఉండాలని. ఆ నిక్కరు నాకు ఎంత పని చేసిందో తర్వాత చెబుతాను.

గూడూరు దాకా గాలిలో తేలినట్టు పోయాను. పొలాల్లో గొర్రెల వెంట ఉరికిన కాళ్ళు, వాటికి రోడ్డు ఒక లెక్కా అనుకున్నాను. గూడూరులో చాయ్ అంగడి కనబడింది. మామ మాట గుర్తొచ్చి, దాని వైపు చూడకుండా తల తిప్పుకొని దాటేశాను. అక్కడిదాకా అంతా బాగుంది.

గూడూరు దాటాక నిక్కరు మొదలుపెట్టింది. గంజి పెట్టిన గుడ్డ చెమటకు తడిసి, ఎండకు మళ్ళీ ఎండి, అట్టలాగా బిరుసెక్కింది. రెండు తొడలూ ఒరుసుకుపోయి నిప్పు పెట్టినట్టు మంట. కాళ్ళు ఎడం చేసి పరుగెత్తితే నడుము పట్టేస్తుంది, దగ్గర పెట్టి పరుగెత్తితే తోలు లేచిపోతుంది. దానికితోడు కుడిపక్క డొక్కలో పోటు. కంకర రోడ్డు మీద అరికాళ్ళు పొంగి బొబ్బలెక్కాయి. గోరుచుట్టు మీద రోకటి పోటు అన్నట్టు తుమ్మముల్లొకటి మడమలో విరిగింది. నీళ్ళ కోసం ఆగిన చోటల్లా ఇంకెంత దూరమని అడిగేవాణ్ని.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. మా సీమలో ‘రోంత’ అంటే కొంచెం. రవ్వంత అనే మాట జనం నోళ్ళలో అరిగి అరిగి రోంత అయింది. ఉప్పు రోంత, కూర రోంత అన్నప్పుడు ఆ మాటలో మోసమేమీ లేదు. దూరం దగ్గరికి వచ్చేసరికి మాత్రం దాన్ని నమ్మినవాడు చెడిపోతాడు. పొలం గట్టు దాకా అయినా రోంతే, పక్క తాలూకా అయినా రోంతే. “ఇంగెంత దూరమన్నా?” అంటే, “రోంతే పోప్పా, ఆ కనబడే మాను దాటితే అదే.” మాను దాటితే ఇంకో మాను.

సరే, మనుషుల్ని నమ్మకూడదు, మైలురాళ్ళను నమ్ముదాం అనుకున్నాను. ఐదో ఫారం దాకా చదివినవాణ్ని, అంకెలు రావా? కానీ ఆ దోవలో రాళ్ళు కూడా మా వాళ్ళ చేతుల్లో పడ్డవే. ఒకటి పడిపోయింది. ఒకదాని మీద ఎవరో గుడ్డలు ఉతుకుతున్నారు. చాలాసేపటికి ఒక రాయి తిన్నగా నిలబడి కనిపించింది. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ముందర టెంకాయ చిప్పలు పెట్టి ఉన్నాయి. నడిరోడ్డు పక్కన నిటారుగా, సున్నం కొట్టి, ఏవో గీతలతో రాయి నిలబడి ఉంటే మా ఆడవాళ్ళు ఊరుకుంటారా? అమ్మవారిని చేసేశారు. పసుపు కిందనుంచి ఒక్క అంకె స్పష్టంగా కనబడుతోంది. రెండు.

రెండు మైళ్ళు! నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. పక్కనే ఒక అవ్వ ఊదుకడ్డీ వెలిగిస్తూ ఉంది.

“అవ్వా, కర్నూలు దగ్గరికొచ్చిందా?”

“వచ్చె నాయనా. ఇంగ రోంతే. ఆ తిప్ప దాటితే అదే.”

రాయీ చెప్పింది, అవ్వా చెప్పింది. ఇంక అనుమానమేముంది? మీరు నవ్వుకోవచ్చు, అంత దూరం తేడా తెలియకుండా ఎలా పోయిందని. నేను కర్నూలు ఎప్పుడు పోయినా రాత్రిపూట మామ బండిలో మూటల మీద పడుకొనే పోయాను. గూడూరు దాటగానే నిద్ర పట్టేది, కళ్ళు తెరిస్తే కర్నూలు. గూడూరుకూ కర్నూలుకూ మధ్య నా లెక్కలో ఉండేది ఒక్క నిద్రే.

ఒంట్లో మిగిలిన బలమంతా కాళ్ళలోకి తెచ్చుకొని పరుగు లంకించుకున్నాను. తొడల మంట మరిచిపోయాను. ముల్లు మరిచిపోయాను. బూట్ల వాళ్ళను ఇద్దర్ని దాటేశాను. తిప్ప ఎక్కాను, దిగాను. బురుజు ఎక్కడా? ఎదురుగా ఎండిన చేలు, పిచ్చి తుమ్మచెట్లు, సాగిపోయే రోడ్డు. ఇంకొంచెం పోతే మరో మైలురాయి వచ్చింది. దీనికి ఇంకా దేవత పూనలేదు. అంకెలు రెండూ నల్లగా, దిట్టంగా ఉన్నాయి. పదకొండు.

అంటే ఇందాకటిది పన్నెండు. ఆ మహాతల్లి ఒకటిని పసుపుతో కప్పేసింది. పూర్తి కావచ్చిందని నేననుకున్న ఆ చోటు సరిగ్గా సగం. సగమప్పకు తగిన చోటే.

ఆ రాయిని పట్టుకొని నిలబడ్డాను. కళ్ళ ముందు నల్లగా అవుతోంది. ఆ సమయానికి వెనకనుంచి పందెం వాళ్ళ లారీ వచ్చింది. ఇక చేతకాదన్న వాళ్ళను ఎక్కించుకుంటూ వస్తున్న లారీ. అందులో తెల్ల బూట్ల వాళ్ళున్నారు, కాలేజీ వాళ్ళున్నారు, సోడాలు తాగుతూ నీడన కూచున్నారు. “ఎక్కప్పా, శానా దూరముండాది,” అని ఒకాయన చెయ్యి చాపాడు. ఆ దోవలో అప్పటిదాకా నిజం చెప్పినవాడు ఆయన ఒక్కడే.

చెయ్యి అందుకోబోయాను. అందుకోబోయానని దాచకుండా చెబుతున్నాను. అంతలో నెత్తిన కడవతో, నా వైపు చూడకుండా నడిచిపోతున్న మనిషి కళ్ళలో మెదిలింది. ఎక్కితే కూచోవాలి. కూచుంటే కడవ దించినట్టే. చాచిన చెయ్యిని ఊపి లారీని పొమ్మన్నాను. లారీలోని వాళ్ళు నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశారు.

ఆ తర్వాత దాన్ని పరుగని ఎవరూ అనరు. కుంటడం, ఈడ్చడం, నాలుగడుగులు ఉరకడం, మళ్ళీ కుంటడం. పిక్కలు రాళ్ళలాగా బిగుసుకుపోయేవి. నిలబడే పిడికిళ్ళతో గుద్దుకొని మళ్ళీ కదిలేవాణ్ని. నిక్కరుకు మంగళం పాడాను. అంటే విప్పలేదు లెండి, తుమ్మముల్లుతో కుట్లు తెంపి రెండు పక్కలా తొడల దాకా చీల్చాను. పదిమందిలో పరువు సంగతి తర్వాత చూసుకుందామనుకున్నాను. గట్టిగా తిట్టుకుంటూ పోయాను. మామను తిట్టాను, పసుపు రాసిన చేతుల్ని తిట్టాను, ‘రోంత’ అనే మాటను పుట్టించినవాణ్ని ఏడు తరాలు తిట్టాను. తిడుతుంటే కాళ్ళు కదిలేవి.

కర్నూలు ఇంకా ఆరు మైళ్ళుందనగా చింతచెట్ల కింద మామ బండి కనిపించింది. శెనక్కాయల మూటలేసుకొని ముందురోజు రాత్రే ఊరినుంచి బయల్దేరిన బండి. మామూలుగా అయితే పొద్దెక్కకముందే మండీలో ఉండాలి. ఎద్దులు మేసి, నీళ్ళు తాగి, పడుకొని, లేచి నిలబడి కూడా చాలాసేపు అయినట్టుంది. మామ రోడ్డు వైపే చూస్తూ ఉన్నాడు. ఎవరి కోసం ఆగాడో నాకు అప్పుడు తట్టలేదు.

నన్ను చూసి లేచి వచ్చాడు. వెక్కిరించబోయి నోరు తెరిచాడు. అంతలో నేను వచ్చిన దోవ వైపు ఆయన చూపు పడింది. దుమ్ములో నా అడుగులు తడితడిగా, ఎర్రగా ఉన్నాయి.

“అయ్యో, ఆ కాళ్ళేందిరా అట్లయినాయి!” అన్నాడు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. “ఎక్కు బండి. పందెం వద్దు గిందెం వద్దు. మీ అమ్మకు నేనేం చెప్పల్ల? ఎక్కు ముందు.”

“బురుజు ముట్టుకోలేదు మామా.”

“పిల్లనిస్తా అంటాండా కదరా! ఎద్దుల మీద ఒట్టు. ఇంగేం గావాల నీకు?”

మంచి ప్రశ్నే. కావలసింది దక్కింది. నీడ ఉంది, బండి ఉంది, మూటల మీద పడుకుంటే ఒక్క నిద్రలో కర్నూలు. కానీ ఆ బండి ఎక్కితే జరగబోయేది కూడా నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. సగమప్ప పెళ్ళికి రండి అంటారు. రేపు నాకు కొడుకు పుడితే సగమప్ప కొడుకు అంటారు. ఆమెను సగమప్ప పెండ్లాం అంటారు. నేనంటే అలవాటు పడ్డాను, ఆమెనెందుకు అనాలి? అంత నొప్పిలో కూడా నాకు కోపం ఎక్కడినుంచి వచ్చిందో ఎగదన్నుకొచ్చింది. పిల్ల దక్కినా పేరు పోదు. పేరు పోవాలంటే గోడ ముట్టుకోవాలి.

“ఎక్కను,” అన్నాను.

“ఇంగెంత దూరముండాదో తెలుసునా నీకు?”

“రోంతే మామా,” అన్నాను.

వారానికోసారి ఆ దోవన బండి తోలే మనిషి ఆయన. ఎంత దూరమో నాకన్నా బాగా తెలుసు. నా మొహం వైపు అలాగే చూశాడు. తర్వాత నవ్వాడు. వెక్కిరింపు నవ్వు కాదు. నాకు మాత్రం నోట్లోనుంచి ఆ మాట వచ్చాక అర్థమైంది, దోవ పొడుగునా అందరూ నాకు దూరం చెప్పలేదని. నడిచేవాడు కూలబడకుండా ఒక ముద్ద ధైర్యం పెట్టారు. అబద్ధమే, కానీ కడుపు నిండే అబద్ధం.

మామ ఎద్దుల్ని బండికి కట్టాడు. బండి ఎక్కలేదు. పగ్గాలు పట్టుకొని నా పక్కన నడిచాడు. నేను ఉరికితే ఎద్దుల్ని అదిలించాడు, కుంటితే నిదానించాడు. ఒకచోట పిక్క పట్టేసి నేను వంగిపోతే చంకలో చెయ్యి వేయబోయాడు. “పట్టుకోవద్దు మామా,” అని అరిచాను. చెయ్యి వెనక్కి తీసుకొని తలపాగా కొస నా నోటికిచ్చాడు. దాన్ని పళ్ళతో కొరికి పట్టుకొని నిలదొక్కుకున్నాను. ఆ తలపాగా ఆయన పెళ్ళినాటిది. కొరికిన గుర్తు దాని మీద చివరిదాకా ఉంది.

ఊరు వచ్చింది. గుడారాలు వచ్చాయి. వాటిలోంచి గుమాస్తాలు బయటికి వచ్చి చూశారు. చీరిన నిక్కరుతో నేను, పక్కన బండి, వెనక పిల్లల గుంపు. ఏదో వీధి భాగోతం అనుకొని ఉంటారు. బజారు మలుపు తిరగగానే బురుజు ఒక్కసారిగా ఎదుట నిలబడింది. దాన్ని చూశాక నాకు ఏ నొప్పీ గుర్తులేదు. పరుగెత్తాను. గొర్రెల వెంట ఎలా పరుగెత్తేవాణ్నో అలా పరుగెత్తాను. రెండు చేతులూ చాచి ఆ రాతి గోడను తడిమి, నుదురు ఆనించి, అందరూ చూస్తుండగా ఏడ్చాను. ఆ రాయి ఎండకు కాలిపోతోంది. చేతులు తీయబుద్ధి కాలేదు.

బహుమతులు ఎప్పుడో ఇచ్చేశారు. షామియానా విప్పుతున్నారు. బురుజు దాకా వచ్చిన కొద్దిమందిలో నేనే ఆఖరివాణ్ని. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు వచ్చానని మీరు అనుకోవచ్చు. నాకు మాత్రం దేశాన్ని గెలిచినట్టు ఉంది. కుర్చీలు లెక్కపెట్టుకుంటున్న ఒక పెద్దమనిషి నన్ను చూసి జేబులోంచి కాగితం తీశాడు.

“పూర్తి పేరు చెప్పప్పా.”

నేను నోరు తెరిచేలోపే మామ ముందుకొచ్చాడు. ఛాతీ విరుచుకొని, “మా అల్లుడు,” అన్నాడు.

“అదేం పేరప్పా?”

“అదే పేరు. రాసుకో.”

ఆయన నవ్వుకొని కాగితం జేబులో పెట్టుకున్నాడు. మామ నాకు రెండు గోలీ సోడాలు తాగించాడు.

తిరుగు ప్రయాణంలో ఖాళీ గోతాల మీద పడుకున్నాను గానీ జన్మలో మొదటిసారి ఆ దోవలో నిద్ర పట్టలేదు. మామ అన్న మాటే తిరుగుతోంది. మనకు మేనల్లుడూ అల్లుడే, కూతురి మొగుడూ అల్లుడే. ఏ అల్లుడని చెప్పినట్టు? ఎండలో, జాలిలో ఒట్టు వేశాడు. ఇంటి గడప దగ్గర ఆ ఒట్టు నిలుస్తుందా? అడగడానికి మొహమాటం. మామ ముందు కూచొని ఏదో కూనిరాగం తీస్తున్నాడు తప్ప వెనక్కి తిరగలేదు.

మర్నాడు పొద్దున బండి మా ఇంటికి పోకుండా మామ ఇంటి ముందు ఆగింది. అమ్మ అప్పటికే అక్కడ ఉంది. నేను దిగి, గోడ పట్టుకొని, ఎప్పటిలాగే నేరుగా లోపలికి పోబోయాను. చిన్నప్పటినుంచీ ఆ ఇంట్లోకి అలాగే పోయేవాణ్ని, వంటింట్లో చట్టిలో చెయ్యి పెట్టేవాణ్ని. నన్ను ఎవరూ ఆపింది లేదు, మర్యాద చేసిందీ లేదు.

“ఆగప్పా,” అన్నాడు మామ. “అట్ల పోగూడదు ఇంగ.”

లోపలినుంచి మరదలు ఇత్తడి చెంబు పట్టుకొని వచ్చింది. కాళ్ళకు నీళ్ళు. మా వైపు బయటినుంచి వచ్చే అల్లుడికి గడప దగ్గర ఇచ్చే నీళ్ళు. మేనల్లుడికి ఎవరూ ఇవ్వరు. వంక అవతలి బావినుంచి, నడిమధ్య దించకుండా ఆమె మోసుకొచ్చిన నీళ్ళు. చెంబు మెట్టు మీద పెట్టి, తల వంచుకొని, తలుపు వెనక్కి పోయి నిలబడింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను హోదాగా చెంబెత్తి నీళ్ళు కాళ్ళ మీద పోసుకున్నాను. పగిలిన బొబ్బల మీద అవి పడగానే ప్రాణం పోయినట్టయింది. ఇరవై నాలుగు మైళ్ళు పళ్ళ బిగువున వచ్చినవాణ్ని, వీధి వీధంతా వినబడేలా కేక పెట్టాను. మామ పగలబడి నవ్వాడు.

“రోంత ఓర్చుకో బావా,” అంది ఆమె తలుపు వెనకనుంచి.

ముందురోజంతా ఆ మాటను తిట్టుకుంటూ నడిచినవాణ్ని. ఆ పూట మాత్రం మారు మాట్లాడకుండా నమ్మి, మిగతా నీళ్ళు కూడా పోసుకున్నాను.